ఎక్కమంటే దూకుతోంది, దూకమంటే దూరుతోంది

పెంపుడు జంతువులపై పాఠకుల ప్రశ్నలకు పశువైద్యుని జవాబులు

గత సంచికలో ఒక జవాబు చివర కుక్కల అజిలిటీ పోటీల ప్రస్తావన తెచ్చాను. యజమాని చూపిన వరుసలో కుక్క అడ్డుకర్రలు దూకుతూ, గొట్టంలో దూరుతూ, వంతెన ఎక్కి దిగుతూ, పాతిన కర్రల మధ్య మెలికలు తిరుగుతూ, నిర్ణీత సమయంలో తప్పు లేకుండా పరుగు ముగించవలసిన ఆట అది. ఆ ఒక్క వాక్యానికి నెల్లూరు, ఒంగోలు వైపుల నుంచి ఇన్ని ఉత్తరాలు వస్తాయని నేను అనుకోలేదు. కనుక ఈ నెల గేదెల, కోళ్ల ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి, ఈ ఆటకు సంబంధించిన ఉత్తరాలకే చోటు ఇస్తున్నాను.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా వీధిలో పుట్టిన కుక్కపిల్లను తెచ్చి పెంచుకున్నాం. ఇప్పుడు దానికి రెండేళ్లు. కాంపౌండు గోడను అవలీలగా దూకుతుంది. జాతి కుక్క కాదు కాబట్టి ఏ పోటీకీ పనికిరాదని మా బావమరిది ఎగతాళి చేస్తున్నాడు. ఆయన మాట నిజమేనా? (ఒక ఉద్యోగి, నెల్లూరు)

జవాబు: మీ బావమరిది గారు రెండు వేర్వేరు పోటీలను ఒకటిగా కలిపేశారు. మనం సాధారణంగా డాగ్ షో అని పిలిచే దానిలో న్యాయనిర్ణేత కుక్క పళ్లు, నడక, వెంట్రుకలు, తోక తీరు పరిశీలించి, ఆ జాతికి నిర్ణయించిన లక్షణాలకు అది ఎంత దగ్గరగా ఉందో తేలుస్తాడు. అక్కడ వంశ పత్రం లేని కుక్కకు ప్రవేశం ఉండదు. అజిలిటీలో అందానికి మార్కులు లేవు. 1978లో లండన్‌లో జరిగిన క్రఫ్ట్స్ ప్రదర్శనలో, రెండు కార్యక్రమాల మధ్య ఖాళీ సమయంలో ప్రేక్షకులకు విసుగు పుట్టకుండా, గుర్రాల చేత అడ్డుకర్రలు దూకించే పోటీని చూసి కుక్కలకు అనువుగా కుదించి ఆడించిన వినోదమే ఈ ఆటకు మొదలు. రెండేళ్లకే, 1980లో, బ్రిటన్ కెన్నెల్ క్లబ్ దానిని పోటీగా గుర్తించింది. అమెరికన్ కెన్నెల్ క్లబ్ 1994లో మొదలుపెట్టింది. ఈ రెండు దేశాలలోనూ సంకర జాతి కుక్కలకు విడిగా నమోదు పద్ధతి పెట్టి పోటీకి అనుమతిస్తున్నారు. బెల్జియం కేంద్రంగా పనిచేసే అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్.సి.ఐ. (ఈ పేరు వినగానే మనకు బియ్యం గోదాములు గుర్తుకు వస్తాయి, ఇది వేరు) నిర్వహించే ప్రపంచ పోటీకి మాత్రం వంశ పత్రం అవసరం.

మన దేశంలో జాతి కుక్కల నమోదు చూసే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా కార్యాలయం చెన్నైలో ఉంది. నెల్లూరు వారికి అది పొరుగూరి కిందే లెక్క. ఎవరు పోటీ పెట్టినా, వీధి కుక్కలకు, సంకర జాతులకు ప్రవేశం ఉన్నదా లేదా అనే సంగతిని ప్రవేశ రుసుము కట్టక ముందే నిర్వాహకులను అడిగి, జవాబును రాతపూర్వకంగా తీసుకోండి. అంత దూరం వెళ్లి గేటు దగ్గర వాదించుకోవడం కుక్కకూ మంచిది కాదు, మీకూ మంచిది కాదు.

ఇక విభాగాల సంగతి. మన ప్రాంతంలో ఒంగోలు ఎద్దుల బండలాగుడు పోటీలు చూసినవారికి ఇది తేలికగా అర్థమవుతుంది. అక్కడ రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని పళ్లను బట్టి విభాగాలు చేస్తారు. ఇక్కడ ఎత్తును బట్టి చేస్తారు. మెడ వెనుక భుజాలు కలిసే చోట కొలిచినప్పుడు 35 సెంటీమీటర్ల లోపు ఉన్న కుక్క చిన్న విభాగంలోకి, 43 లోపు ఉన్నది మధ్య విభాగంలోకి, 48 లోపు ఉన్నది ఆపై విభాగంలోకి, 48, అంతకు మించి ఉన్నది పెద్ద విభాగంలోకి వస్తుందని ఎఫ్.సి.ఐ. నియమం చెబుతుంది. ఇంకొక తేడా ఉంది. బండలాగుడులో ఇచ్చిన సమయంలో ఎంత దూరం లాగారన్నది లెక్క, ఇక్కడ ఇచ్చిన దూరాన్ని ఎంత సమయంలో ముగించారన్నది లెక్క. చెర్నకోల సంగతి చెప్పనక్కర్లేదు. బరిలో కుక్కను చేతితో తాకడం కూడా తప్పే.

పెద్ద పోటీలలో ఎక్కువగా కనిపించే బోర్డర్ కాలీ, ఇంగ్లండు, స్కాట్లండు సరిహద్దులలో గొర్రెలను తోలడానికి పెంచిన జాతి. దూరం నుంచి యజమాని చేసే సైగను బట్టి దిశ మార్చుకోవడం దానికి తరతరాల అలవాటు. గొర్రెలకు పేరుపడిన మన నెల్లూరు సీమలో కాపరుల వెంట ఉండే కుక్కలు మందను తోలడం కంటే రాత్రి దొడ్డికి కాపలా కాయడమే ఎక్కువ. అయితే మన రాష్ట్రంలోనే కొల్లేటి పరిసరాలలో బాతుల మందలను తోలే జోనంగి కుక్క ఉంది. పొట్టి వెంట్రుకలతో, సన్నని ఒంటితో చురుకుగా కదిలే ఆ కుక్కను ఎవరైనా శ్రద్ధగా తయారుచేసి బరిలోకి దింపితే చూడాలని నాకు చాలాకాలంగా కోరిక.

మీ కుక్క గోడ దూకడాన్ని మాత్రం నేను మెచ్చుకోలేను. పోటీలో కుక్క తాడు లేకుండా పరిగెత్తుతుంది. పిలిస్తే వెనక్కి వచ్చే కుక్కకే ఆ స్వేచ్ఛ ఇవ్వగలం. గోడ ఎత్తు పెంచండి, పిలుపు నేర్పండి. దూకడం అది ఎలాగూ నేర్చుకునే ఉంది.

ప్రశ్న: నేను డిగ్రీ చదువుతున్నాను. మా కుక్కకు అడ్డుకర్ర, గొట్టం, ఏటవాలు బల్ల నేర్పాను. ఒక్కొక్కటి విడిగా చేయిస్తే చక్కగా చేస్తుంది. వరుసగా పరిగెత్తిస్తే మాత్రం ఎక్కు అంటే దూకుతోంది, దూకు అంటే గొట్టంలో దూరుతోంది. దానికి తెలివి తక్కువా, లేక చెవుడా? (ఒక విద్యార్థిని, కందుకూరు)

జవాబు: అమ్మాయీ, మీ కుక్కకు తెలివీ ఉంది, చెవులూ ఉన్నాయి. మీరు ఎంచుకున్న మాటలను ఒకసారి గట్టిగా పలికి చూడండి. ఎక్కు, దూకు, తొక్కు అనే మూడు మాటలూ ఒకే శబ్దంతో ముగుస్తాయి. దూకు, దూరు అనేవి ఒకే శబ్దంతో మొదలవుతాయి. మీరు ఆయాసపడుతూ పరిగెత్తుతూ అరిచేటప్పుడు మాటలో సగమే కుక్క చెవిన పడుతుంది. ఆ సగంతో అది ఏ పని చేసినా న్యాయమే. అందుచేత వ్యాకరణం పక్కన పెట్టి, ఒకదానితో ఒకటి పోలిక లేని శబ్దాలు ఎంచుకోండి. నేను అడ్డుకర్రకు హుప్ అని, గొట్టానికి గుహ అని, రెండు వైపులా ఏటవాలుగా నిలబెట్టిన బల్లకు కొండ అని, మెలికలు తిరిగే కర్రలకు పాము అని వాడతాను. పాము అని అరిచినప్పుడు చుట్టుపక్కల వారు ఉలిక్కిపడడం వేరే సంగతి.

ఇంతకంటే పెద్ద చిక్కు రా అనే మాటతో ఉంది. కుక్కను పిలవడానికి మనం వాడేది అదే మాట, కానీ మన జిల్లాలలో ఏందిరా, ఏరా, పోరా లేని సంభాషణ ఇంట్లో పది నిమిషాలు కూడా సాగదు. రోజంతా తనకు సంబంధం లేని సందర్భాలలో రా వింటూ పెరిగిన కుక్కకు, ఆ శబ్దం ఫ్యాను చప్పుడు లాంటిదైపోతుంది. పిలుపుకు ఇంట్లో మరెవరూ పలకని మాటను గానీ, ఈలను గానీ కేటాయించండి. ఆ పిలుపుకు వచ్చిన ప్రతిసారీ ఏదో ఒక మంచి వస్తువు దక్కేలా చూడండి. తిట్టడానికి, స్నానం చేయించడానికి, సూది వేయించడానికి ఆ మాటతో పిలవకండి.

అయితే మాటలన్నీ మార్చినా సమస్య సగమే తీరుతుంది. కుక్క మన నోటికంటే మన ఒంటిని ఎక్కువగా నమ్ముతుంది. మీ పాదాలు, భుజాలు ఎటు తిరిగి ఉన్నాయో అటే అది వెళుతుంది. మీరు గొట్టం వైపు తిరిగి నిలబడి అడ్డుకర్ర పేరు చెబితే అది గొట్టంలోకే పోతుంది. మీ ఫోనును ఒక కొమ్మకు కట్టి, మీరు పరిగెత్తే తీరును వీడియో తీసుకోండి. అందులో కుక్కను చూడకండి, మిమ్మల్ని మీరు చూసుకోండి. కుక్క తప్పు దారి పట్టడానికి ఒక్క అడుగు ముందు మీ భుజం ఎటు తిరిగిందో గమనిస్తే చాలావరకు జవాబు దొరుకుతుంది.

పోటీ నాడు వరుస ముందుగా తెలియదు. న్యాయనిర్ణేత అడ్డంకులను కొత్తగా అమర్చి అంకెలు వేయించిన తరువాత, యజమానులు కుక్క లేకుండా కొద్ది నిమిషాలు ఆ దారిలో నడిచి చూసుకోవచ్చు. ఎక్కడ కుక్కకు ఎడమ పక్కన ఉండాలి, ఎక్కడ దాని ముందు నుంచి దాటి కుడి పక్కకు రావాలి, ఎక్కడ అది దూకుతుండగా వెనుక నుంచి దాటాలి అన్నవి ఆ నడకలోనే తేల్చుకోవాలి. వరుస తప్పితే కుక్క ఎంత అందంగా దూకినా ఆ పరుగు రద్దవుతుంది. ఒక కర్ర పడితే 5 తప్పు మార్కులు, అడ్డంకి దగ్గర మొరాయిస్తే మరో 5, మూడుసార్లు మొరాయిస్తే రద్దు.

ఇంట్లో దీనిని సాధన చేయడానికి పరికరాలు కూడా అక్కర్లేదు. ఆరు ఇటుకలు దూరదూరంగా పెట్టి, వాటికి అంకెలు వేసి, కుక్కను ఇంట్లోనే ఉంచి మీరొక్కరే పరిగెత్తండి. మీ అమ్మగారు చూసి ఏమన్నా అనుకోనివ్వండి.

ప్రశ్న: మా లాబ్రడార్‌కు ఏడు నెలలు. పోటీకి తయారుచేయాలని రోజూ మూడడుగుల గోడ ముప్పై సార్లు దూకిస్తున్నాను. వారం రోజులుగా ముందు కాలు కాస్త ఈడుస్తోంది. ఏ మందు వాడాలి? (ఒక వ్యాపారి, ఒంగోలు)

జవాబు: ముందు దూకించడం మానండి, ఈ రోజే. మందు సంగతి ఎక్స్‌రే తీయించిన తరువాత మాట్లాడుకుందాం. కాలు ఈడుస్తున్న కుక్కకు నొప్పి మాత్ర వేసి మళ్లీ పరిగెత్తించడమంత హాని మరొకటి లేదు. మనుషుల నొప్పి మాత్రలు కుక్క కడుపును, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి కనుక ఇంట్లో ఉన్నవి అసలే వేయకండి.

ఎదిగే కుక్క ఎముకల చివర్లలో మెత్తని మృదులాస్థి పొర ఉంటుంది. ఎముక పొడవు పెరిగేది అక్కడే. మధ్య తరహా కుక్కలలో అది ఏడాది దాటేసరికి గట్టిపడుతుంది, లాబ్రడార్ వంటి పెద్ద జాతులలో ఇంకా ఆలస్యమవుతుంది. అది గట్టిపడక ముందే, దూకి దిగినప్పుడల్లా ముందు కాళ్ల మీద బరువు పడితే, కాలు వంకర పోవచ్చు, కీలు జీవితాంతం బాధించవచ్చు. ఎఫ్.సి.ఐ. పోటీలలో 18 నెలలు నిండని కుక్కకు ప్రవేశం లేకపోవడానికి కారణం ఇదే. ఒంగోలు వారికి ఈ సంగతి నేను చెప్పవలసి రావడమే వింతగా ఉంది. పాలు తాగే దూడను తెచ్చి బండకు కడతారా ఎవరైనా?

వైద్యుడు సరే అన్న తరువాత, నేల మీద పరిచిన కర్రల మీదుగా నడిపించడం, వంపు లేని పొట్టి గొట్టంలో నుంచి పిలవడం, స్తంభం చుట్టూ తిరిగి రమ్మనడం, కూర్చో, ఆగు వంటివి నేర్పడం చేయవచ్చు. బరువు కూడా చూసుకోండి. పక్కటెముకల మీద అరచేతితో నిమిరితే ఎముకలు తేలికగా తగలాలి. తగలకపోతే అన్నం తగ్గించండి.

ప్రశ్న: మాకు గ్రానైట్ వ్యాపారం. డాబా మీద మొత్తం పాలిష్ పెట్టిన నల్ల గ్రానైట్ పరిచి ఉంది. శుభ్రంగా ఉంటుంది కదా అని అక్కడే సాధన చేయిస్తున్నాం. సరైనదేనా? (చీమకుర్తి)

జవాబు: చీమకుర్తి నల్ల గ్రానైట్ ప్రపంచంలో ఎక్కడ పరిచినా అందమే, కుక్క మలుపు తిరిగే చోట మాత్రం వద్దు. నున్నటి రాయి మీద కుక్క గోళ్లకు పట్టు దొరకదు. జారిన ప్రతిసారీ తొడ లోపలి కండరాలు, మోకాలి లోపలి స్నాయువు గుంజుకుపోతాయి. గట్టి నేల మీద దూకితే దిగే అదురు అంతా భుజాలకు చేరుతుంది. గడ్డి నేల గానీ, రాళ్లు ఏరివేసిన మట్టి నేల గానీ వెతుక్కోండి.

ప్రశ్న: పరికరాలు కొనాలంటే చాలా ఖర్చు అంటున్నారు. సొంతంగా చేసుకోవచ్చా? కొలతలు చెప్పగలరు. (సింగరాయకొండ)

జవాబు: నిస్సందేహంగా చేసుకోవచ్చు. మీ వైపు సరుగుడు తోటలకు కొదవ లేదు, బోరు పని చేసేవారి దగ్గర పీవీసీ గొట్టం ముక్కలూ దొరుకుతాయి. అయితే ఒక హెచ్చరిక నా అనుభవం నుంచే చెబుతాను. మొదట్లో నేను రెండు సరుగుడు గుంజలు పాతి, అడ్డుకర్రను మేకులు కొట్టి బిగించాను. గట్టిగా కుదిరిందని సంతోషించిన మూడో రోజున మా కుక్క వెనుక కాలు దానికి తగిలి, అది బోర్లా పడి, గోరు మొదలంటా ఊడింది. ఆ తరువాత రెండు నెలలు అది కర్రను చూస్తేనే పక్కకు తప్పుకునేది. అడ్డుకర్ర ఎప్పుడూ తగిలితే కింద పడేలా, రెండు వైపులా చిన్న కొక్కెం మీద ఊరకే ఆని ఉండాలి. పడే కర్ర కుక్కను కాపాడుతుంది.

మెలికల కర్రలు 12, ఒకదానికీ ఇంకొకదానికీ మధ్య 60 సెంటీమీటర్లు. కుక్క మొదటి కర్రను తన ఎడమ భుజం వైపు ఉంచుకుని లోపలికి వెళ్లాలి. మొదటి రోజే వాటిని ఒకే వరుసలో పాతకుండా, రెండు వరుసలుగా విడదీసి మధ్యలో సందు వదలండి. కుక్క ఆ సందులో నేరుగా పరిగెత్తడం అలవాటయ్యాక, కొన్ని వారాల వ్యవధిలో వరుసలను అంగుళం అంగుళం దగ్గరకు జరుపుతూ పోతే మెలిక దానంతట అదే వస్తుంది. గొట్టం వ్యాసం 60 సెంటీమీటర్లు. ఇనుప తీగ చుట్ల మీద టార్పాలిన్ కుట్టించేటట్లయితే తీగ కొన బయటికి పొడుచుకు రాకుండా చూసుకోండి, రెండు పక్కలా ఇసుక మూటలు ఆనించండి. దొర్లిపోయే గొట్టంలో ఒకసారి భయపడిన కుక్క మళ్లీ తొంగి కూడా చూడదు.

తూగుబల్లను చివరికి ఉంచుకోండి. దాని కదలిక కంటే అవతలి కొన నేలకు తగిలినప్పుడు వచ్చే దబ్ అనే చప్పుడే కుక్కను ఎక్కువగా బెదరగొడుతుంది. మొదట బల్ల కింద పాత పరుపు వేసి, జానెడు ఎత్తుకు మించి లేవకుండా చూసి, చప్పుడైన ప్రతిసారీ తినడానికి ఏదైనా ఇస్తూ రండి. వంతెన, కొండ, తూగుబల్ల మూడింటికీ కింది కొసల దగ్గర వేరే రంగు వేయాలి. కుక్క కనీసం ఒక పాదమైనా ఆ రంగు మీద పెట్టి దిగాలి. పైనుంచే దూకేస్తే తప్పు పడుతుంది. ఇది కేవలం నియమం కాదు, ఎత్తు నుంచి దూకి కాళ్లు విరగ్గొట్టుకోకుండా పెట్టిన కట్టడి.

ప్రశ్న: బహుమతిగా చేపల పులుసులో ముక్క పెట్టవచ్చా? మా కుక్కకు ప్రాణం. (నెల్లూరు)

జవాబు: మీకు ప్రాణమైతే మీరు తినండి. ఉల్లిపాయ కుక్క రక్తంలోని ఎర్ర కణాలను దెబ్బతీస్తుంది, మిరప, నూనె కడుపును చెడగొడతాయి, ముల్లు గొంతులో గుచ్చుకుంటుంది. ఉప్పు, కారం లేకుండా ఉడికించిన కోడి మాంసం శనగగింజంత ముక్కలు చాలు. బరి లోపలికి తిండి గానీ బొమ్మ గానీ తీసుకువెళ్లనివ్వరు కనుక, పరుగు ముగిశాక బయట ఇవ్వడం అలవాటు చేయండి. కడుపు నిండా తిన్న కుక్కను రెండు మూడు గంటల వరకూ పరిగెత్తించకండి. ఛాతీ లోతుగా ఉండే పెద్ద కుక్కలలో కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది.

ప్రశ్న: వేసవి సెలవులలోనే నాకు తీరిక. రోజూ సాయంత్రం నాలుగింటికి సముద్రం ఒడ్డుకు తీసుకువెళ్లి ఇసుకలో సాధన చేయిస్తున్నాను. పది నిమిషాలకే నాలుక వేలాడేసి పడుకుంటోంది. బద్ధకం వదిలించేది ఎలా? (ఒక ఉపాధ్యాయుడు, కావలి)

జవాబు: అది బద్ధకం కాదు మాస్టారూ, అది తన ప్రాణం తాను కాపాడుకుంటోంది. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. పాదాల మెత్తల దగ్గర కొద్దిగా పట్టడం తప్ప, వేడిని వదిలించుకోవడానికి దానికి ఉన్న ప్రధానమైన దారి రొప్పడమే. రొప్పడం వల్ల చల్లబడాలంటే నోటిలోని తడి ఆవిరి కావాలి. కోస్తాలో గాలే నీళ్లతో నిండి ఉక్కపోస్తున్నప్పుడు ఆ తడి ఆరదు. అందుకే ఎండ 45 డిగ్రీలు కాకపోయినా ఒడ్డున కుక్కకు వడదెబ్బ తగులుతుంది. రోహిణి కార్తెలో సాయంత్రం నాలుగింటికి ఇసుక ఎలా ఉంటుందో మీరు చెప్పులు విప్పి నిలబడి చూడండి.

వేసవిలో తెల్లవారుజామున అయిదు నుంచి ఆరున్నర లోపు సాధన ముగించాలి. కుక్క ఒంటి వేడి మామూలుగా 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. 40 దాటితే ఆట ఆపాలి, 41 దాటితే ప్రాణాపాయం. నాలుక వెడల్పై ముదురు ఎరుపుకు తిరగడం, చొంగ తీగలుగా సాగడం, అడుగులు తడబడడం, వాంతి కనిపిస్తే నీడకు చేర్చి, మామూలు నీళ్లు పొట్ట, తొడల మీద ఆగకుండా పోస్తూ, గాలి తగిలేలా విసరుతూ, ఆ తడితోనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. తడి తువ్వాలు కప్పి వదిలేస్తే లోపలి వేడి బయటికి పోదు. పగ్ వంటి చప్పిడి ముక్కు కుక్కలతో వేసవిలో ఈ ఆట పూర్తిగా మానుకోవడమే నా సలహా.

ఇసుక గురించి కూడా చెప్పాలి. మైపాడు అయినా కొత్తపట్నం అయినా, పొడి ఇసుకలో కాలు దిగబడే చోట మలుపులు తిప్పితే కాళ్ల స్నాయువులు, కండరాలు బెణుకుతాయి. అల తాకి గట్టిపడిన తడి ఇసుక మీద నేరుగా పరుగు తీయించవచ్చు. సముద్రపు నీళ్లు తాగకుండా ఇంటి నుంచి మంచినీళ్లు తీసుకువెళ్లండి. గడ్డిలో ఆడినా, తోటలో ఆడినా, ఇంటికి వచ్చాక చెవుల లోపల, వేళ్ల సందులలో గోమార్లు (రక్తం పీల్చే పురుగులు) వెతకండి. నీరసంగా ఉండి, చిగుళ్లు పాలిపోయి, ముక్కు వెంట రక్తం వచ్చినట్లయితే గోమార్ల జ్వరం కావచ్చు, రక్త పరీక్ష చేయించాలి.

ప్రశ్న: ఏడాదిన్నర కష్టపడి తయారుచేసి, మొన్న ఒక నగరంలో పోటీకి తీసుకువెళ్లాను. మూడు అడ్డంకులు దాటిన తరువాత మా కుక్క నన్ను వదిలేసి బరి చుట్టూ నాలుగు రౌండ్లు పరిగెత్తి, న్యాయనిర్ణేత దగ్గరకు పోయి ఆయన చేయి నాకింది. జనం నవ్వారు. నేను అందరి ముందూ దానిని చెడామడా తిట్టాను. అప్పటి నుంచి అడ్డుకర్ర తీస్తే మంచం కింద దూరుతోంది. దాని పొగరు అణచడం ఎలా? (ఒక రైతు, ఆత్మకూరు)

జవాబు: బరి చుట్టూ అలా వెర్రిగా పరిగెత్తడాన్ని చూసినవారు ఉత్సాహం అనుకుంటారు, మీరు పొగరు అనుకున్నారు. చాలాసార్లు అది బెదురు. మైకు చప్పుడు, వందల కుక్కల వాసన, కొత్త మనుషులు, వీటన్నిటికీ మించి, ఎప్పుడూ చూడని విధంగా బిగుసుకుపోయిన మీ ముఖం. మీ పొలంలో సాధన చేసేటప్పుడు మీరు నవ్వుతూ పరిగెత్తి ఉంటారు. అక్కడ నవ్వలేదు. నాలుగో అడ్డంకి దగ్గర మీరు ఒక క్షణం ఆగి అంకె కోసం వెతికి ఉంటారని నా అనుమానం. యజమానికి దారి తెలియనప్పుడు కుక్క తనకు తోచిన దారి పడుతుంది.

ఇప్పుడు చేయవలసినది ఇది. ఒక నెల పాటు అడ్డుకర్రలు కొట్టంలో పెట్టి తాళం వేయండి. రోజూ దానిని వెంటబెట్టుకుని పొలానికి నడవండి, ఏమీ అడగకండి. ఆ తరువాత ఒక కర్రను నేల మీదే పరిచి, దాని అవతల మాంసం ముక్క పెట్టి, మీరు దూరంగా కూర్చోండి. అది దాటితే దాటుతుంది, దాటకపోతే ఆ రోజుకు చాలు. దానంతట అది దాటడం మొదలుపెట్టిన తరువాతే కర్ర బెత్తెడు ఎత్తు లేపండి. ఈలోగా వారానికి ఒకసారి సంతకో, బస్టాండుకో తాడు కట్టి తీసుకువెళ్లి, ఒక మూల పావుగంట కూర్చుని, మీ వైపు చూసినప్పుడల్లా ఒక ముక్క ఇచ్చి తిరిగి వచ్చేయండి. జనం మధ్య మీ ముఖం చూడడం లాభమని దానికి తెలియాలి.

తరువాతి పోటీకి ప్రవేశ రుసుము కట్టి, మొదటి రెండు అడ్డంకులు మాత్రం దాటించి, న్యాయనిర్ణేతకు నమస్కారం పెట్టి, కుక్కను పొగుడుతూ బయటికి తీసుకువచ్చేయండి. అంత దూరం పోయి రెండు కర్రలేనా అని మీతో వచ్చినవారు అంటారు. అనుకోనివ్వండి. న్యాయనిర్ణేత చేయి నాకిన కుక్క కరిచే కుక్క కాదు కదా, దానితో మీకు ఇంకా చాలా పోటీలు మిగిలి ఉన్నాయి.